నట్టింట్లో గుంజలు

గట్టయ్య ఇంట్లో భోజనానికి కూర్చోవాలంటే ముందు గుంజలు ఎక్కడున్నాయో చూసుకుని, మిగిలిన జాగాలో విస్తరి వేసుకోవాలి. ఉన్నదే ఒక పెద్ద గది, దాని వెనక వంటగది. ఆ పెద్ద గది నడిమధ్యన, నేలకూ స్లాబుకూ మధ్య, మూడు మొద్దు గుంజలు బిగదీసుకుని నిలబడి ఉండేవి. ఎవరైనా చుట్టాలొస్తే గట్టయ్య భార్య సారవ్వ ఒక గుంజకు ఆనుకుని కూర్చోమనేది, ఇంకో గుంజకు సంచీ తగిలించుకోమనేది. ఆ మాటల్లో మర్యాద ఎంతో, మొగుడి మీద కసి అంతకు రెండింతలు ఉండేది.

నేను మంథని వాణ్ని. డెబ్బై రెండులో గోదావరిఖని బడికి పంతులుగా వచ్చి, గట్టయ్య పక్కింట్లో పెంకుల కింద అద్దెకు దిగాను. నా పేరు వామనరావు అని ఎంతమందికి చెప్పినా వాడకట్టంతా నన్ను సారు అనే పిలిచింది. పెంకుటింటి వాడికి స్లాబు ఇంటి గొడవలెందుకని మీరు అడగవచ్చు. పక్కింట్లో పగులు కనిపిస్తే దానికి కారణం చెప్పడం చదువుకున్నవాడి బాధ్యత అని అప్పట్లో నేను గట్టిగా నమ్మేవాణ్ని. కారణాలు చాలానే చెప్పాను కూడా.

గట్టయ్యది పెద్దపల్లి దాపున ఒక పల్లె. ఇక్కడ బాయిలు తెరుస్తున్నారని విని అరవైల మొదట్లో వచ్చాడు. బొగ్గుగనిని ఈ ప్రాంతంలో బాయి అనే అంటారు. మొదట బొగ్గు ఎత్తాడు, తర్వాత టింబర్‌మాన్ అయ్యాడు. అంటే లోపల బొగ్గు తవ్వినచోట పైబండ కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టి, వాటి నెత్తిన చెక్కముక్కలు సుత్తితో దిగగొట్టి బిగించే పని. ఒకసారి గుంజ కిర్రుమన్న చప్పుడు విని, పక్కనున్న ఇద్దరినీ చొక్కాలు పట్టి ఈడ్చుకొచ్చాడట. వాళ్లు కూర్చున్న చోట మరునిమిషం బండ పడింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ పండగకు అతని ఇంటికి వచ్చి దండం పెట్టి పోతారు.

"గుంజ మాట్లాడుతది సారు," అనేవాడు నాతో. "బండ మాట్లాడది, చెప్పకుండ పడ్తది. గుంజ ముందుగాల చెప్తది. దాని మాట ఇన్నోడు బతుకుతడు."

భూమి కింద అన్నేళ్లు బతికొచ్చినవాడు చెప్తుంటే కాదనడానికి నేనెవర్ని? తల ఊపేవాణ్ని.

నేను రాకముందు ఏడాది, డెబ్బై ఒకటి ఎండాకాలంలో, గట్టయ్య ఈ ఇల్లు కట్టుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ తాటికమ్మల గుడిసెలో ఉన్న సారవ్వను స్లాబు కింద కూర్చోబెట్టాలని అతనికి పట్టుదల. వాడకట్టులో అదే మొదటి స్లాబు ఇల్లు. గోడల పునాదులు నల్లరేగడి దాటి మొరం తగిలేదాకా లోతుగా తవ్వించాడు. గదుల్లో నేలకు మాత్రం తవ్వి తీసిన ఆ నల్లమట్టినే నింపి, దిమ్మిసతో కొట్టించి, పైన బండలు పరిపించాడు. ఇక్కడ అందరూ చేసేది అదే.

స్లాబు వేసింది రోహిణి కార్తెలో. వానలు పడితే పని ఆగిపోతుందని తొందర. మేస్త్రి నర్సింగం గట్టయ్యకు బావమరిది వరస, నోరూ చెయ్యీ రెండూ వేగం. మధ్యాహ్నానికల్లా ఇనుప తట్టలు పట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. పైన మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలిపారు, గోనెసంచులు తడిపి పరిచారు, సారవ్వ బోరింగు నుంచి బిందెలు మోసీ మోసీ మెడ పట్టేసుకుంది. పోసిన నీళ్లను ఎండ పోసినట్టే తాగేసింది. సాయంత్రం చూస్తే పెద్ద గది నడుమ వెంట్రుక మందాన ఒక పర్రె. పగులును ఇక్కడ పర్రె అంటారు, మాట చిన్నదే కానీ ఆ ఇంటికి చుట్టుకున్న తీరు చిన్నది కాదు.

"ఎండకు గట్లనే అయితది బావా," అన్నాడట నర్సింగం. "సిమెంటు పాలు పోస్తె మూస్కపోతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

పాలు పోశాడు, మూసుకుపోయింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ పైకప్పులో పర్రె చూసి ఊరుకోవడం గట్టయ్య చేతులకు రాదు. స్లాబు కింది చెక్కలు విప్పిన రోజే, బాయిలో నిలబెట్టినట్టే, నట్టింట్లో ఒక మంచి గుంజ నిలబెట్టి, నెత్తిన చెక్కముక్క దిగగొట్టి బిగించాడు. అప్పుడుగానీ అతనికి ఆ ఇంట్లో నిద్ర పట్టలేదు.

తొలి వానాకాలం సరిగ్గా ఆ గుంజ ఉన్నచోటే స్లాబు కురిసింది. నీళ్లు గుంజ వెంబడి ధారగా దిగాయి. నర్సింగం పైకెక్కి, మూసుకుపోయిన పర్రెను చెక్కి, కడిగి, చిక్కటి సిమెంటు కూరాడు. వచ్చిన ఎండాకాలం ఇంకో వింత జరిగింది. గుంజ వదులైంది. నెత్తికీ స్లాబుకూ మధ్య వేలు దూరే సందు.

"బాయిల ఇన్నేండ్లు పన్జేసిన గని గుంజ దానంతటది వదులైంది ఎన్నడు సూడలె," అని గట్టయ్య నన్ను పిలిచి చూపించాడు. అప్పటికి నేను కొత్తగా దిగాను. "ఎండకు కట్టె ఎండి చిన్నగైనట్టుంది, కదా సారు?"

అంతే అయి ఉంటుందని అన్నాను. అతను ఆ సందులో ఇంకో చెక్కముక్క పెట్టి, సుత్తితో ఎంత దిగితే అంత దిగగొట్టాడు. వానలు పడ్డాయి. పర్రె ఈసారి ఇంకా వెడల్పుగా తెరుచుకుంది. గుంజ కిర్రుమంది.

గుంజ కిర్రుమంటే ఆ ఇంట్లో ఏం జరిగేదో నేను స్వయంగా చూశాను. గట్టయ్య తింటున్న కంచం వదిలేసి, పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ రెక్కలు పట్టుకుని వానలోకి తోసి, తనూ వచ్చి నిలబడేవాడు. నలుగురూ తడుస్తూ, తమకంటే పొడిగా ఉన్న ఇంటి వైపు చూస్తూ ఉండేవాళ్లు. స్లాబు పడేది కాదు. మర్నాడు గట్టయ్య ఇంకో గుంజ తెచ్చేవాడు. రెండో ఏడు రెండు గుంజలయ్యాయి, మూడో ఏడు మూడు.

కారణాలు మాత్రం గుంజల కంటే వేగంగా పెరిగాయి. ఎండకు స్లాబు ఉబ్బుతుంది, వానకు ముడుచుకుంటుంది, అందుకే పగులుతుందని నర్సింగం. అతను రెండో ఏడు బెల్లం నీళ్లతో నూరిన డంగు సున్నం కూరాడు, మూడో ఏడు తారు కాచి పోశాడు. ఏది కూరినా ఎండాకాలమంతా బుద్ధిగా ఉండి, వానాకాలం ఊడొచ్చేది. భూమి లోపల పేలుళ్ల అదురుకు పగులుతుందని నా సిద్ధాంతం. అలాగైతే మీ పెంకులెందుకు జారలేదు సారూ అని సారవ్వ అడిగింది. దానికి జవాబు రేపు చెప్తానన్నాను, ఇంతవరకూ చెప్పలేదు. మంథని నుంచి వచ్చిన మా అమ్మ ఆండాళమ్మ, నట్టింట్లో గుంజ నిలబెడితే వాస్తుపురుషుడి బొడ్డులో దింపినట్టేనని, ముందది తీసెయ్యమని అంది. ఇలాంటి చాదస్తాలు బయట అనకమ్మా అని నేను ఆమెను కసిరాను.

ఇక సారవ్వ. ఆమె కారణమేమీ చెప్పలేదు, నర్సింగంతో ఒక తగువు మాత్రం పెట్టుకుంది.

"మేస్త్రీ, నువ్వు పరిచిన నేలకు వాలు సక్కగ లేదు," అనేది. "ఎండకాలం కడిగితె నీళ్లు నడుమ నిలుస్తయి. వానకాలం కడిగితె గోడలపొంటి ఉరుకుతయి."

"అక్కా, నేల ఒక్కటే, నీ చీపురే మారినట్టుంది," అని నర్సింగం నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. స్లాబు కూలుతుందేమోనని ఊళ్లో తలలు బద్దలు కొట్టుకుంటుంటే ఈమెకు నేల కడిగిన నీళ్ల గోల ఏమిటని నాకు విసుగ్గా కూడా ఉండేది.

డెబ్బై నాలుగు శ్రావణంలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం గుంజలు మూడూ ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమన్నాయి. గట్టయ్య అలవాటు ప్రకారం అందరినీ వానలో నిలబెట్టాడు. ఆ తడుపుకు చిన్నపిల్ల లింగవ్వకు జ్వరం తగిలి, దవాఖానలో పెట్టాల్సి వచ్చింది. పిల్ల కోలుకుని ఇంటికి వచ్చిన రోజు సారవ్వ గడప దాటి లోపలికి పోలేదు. అరుగు మీద పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుని మొగుడితో మాట్లాడింది. నేనూ నర్సింగం అక్కడే ఉన్నాం, మమ్మల్ని పొమ్మనలేదు.

"నువ్వు బాయిలకు పోయినప్పుడల్ల పైబండ ఎప్పుడు పడ్తదో అని నేను ఈడ కూసోని సస్త," అంది. "గది సాలదని బాయిని ఇంట్లకు తెచ్చినవు. ఈ ఇంట్ల గుంజలన్న ఉండాలె, నేనన్న ఉండాలె. తియ్యకుంటె పిల్లలను పట్టుకొని కాసిపేట మా అన్న ఇంటికి పోత. మళ్ల రాను."

"గుంజ మీద బరువు పడ్డదే. సుత్తెతోని కొడితె చెక్క కదుల్తలేదు, అంత బిగుసుకుంది. స్లాబు దిగుతుంది. ఇప్పుడు తీస్తె మీద పడ్తది."

"పైనుంచి స్లాబు దిగుతుందో, కిందికెల్లి నేల లేస్తుందో నీకెట్ల తెలుసు?"

"నేల లేసుడేంది?"

"మరి వానకాలమే నీళ్లు నడుమ నిలువకుండ గోడలకెందుకు ఉరుకుతున్నయి? వంటింట్ల గదే స్లాబు, గదే మేస్త్రి, గదే ఎండ. ఆడ గుంజ లేదు, సుక్క కూడ కురుస్తలేదు. ఎందుకు?"

కురిసిన చోటే కదా గుంజ పెడతారు అని నేను అడ్డుపడ్డాను. అని, నాకే అనుమానం వచ్చింది. గుంజ పెట్టిన నాటికి ఆ స్లాబు ఇంకా ఒక్క వానా చూడలేదు. ఏది ముందో ఏది తర్వాతో నా బుర్రలో కలిసిపోయాయి. నర్సింగం తల గోక్కున్నాడు. నల్లరేగడి వానకు ఉబ్బుతుందని, ఎండకు నెర్రెలు విచ్చుతుందని చేను దున్నిన ప్రతివాడికీ తెలుసు. అదే మట్టి ఇంట్లో బండల కింద ఉంటే ఉబ్బదని మేమంతా ఎందుకు అనుకున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేల ఉబ్బి గుంజను ఎత్తితే, గుంజ స్లాబును కింది నుంచి పొడుస్తుంది. పొడిచిన చోట పైన పగులుతుంది. ఎండాకాలం నేల దిగితే గుంజ వదులవుతుంది, గట్టయ్య ఆ సందులో ఇంకో చెక్క దిగగొడతాడు, మళ్లీ వానకు నేల ఇంకాస్త ఎత్తుకు పొడుస్తుంది. ఇలా అని నేను వరసగా చెప్పగలుగుతున్నది ఇవాళ. ఆ రోజు అరుగు మీద నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, అంతే.

"నువ్వు చెప్పింది తప్పైతె?" అని అడిగాడు గట్టయ్య.

"అయితె కూలుతది. మళ్ల తాటికమ్మలు కప్పుకుందం. నాకేం ఖాయంగ తెల్వది. గుంజలున్న ఇంట్ల మాత్రం ఉండ."

గట్టయ్య నన్ను పక్కకు తీసుకుపోయాడు. "సారు, బొగ్గు అయిపోయినంక గుంజలు మేమే తీస్తం. తీసేదే బండను పడగొట్టనీకి. గుంజ తీసుడంటె పడగొట్టుడే. నా పెండ్లానికి కట్టిన ఇల్లు నా చేతులతోని పడగొట్టుకోవాల్నా?"

స్లాబు పోతే ఇల్లు పోతుంది, గుంజలు ఉంటే సారవ్వ పోతుంది, ఆ మనిషి ఆ రెంటి మధ్యా నిలబడి ఉన్నాడు. చెప్పలేనంత జాలి వేసింది.

మర్నాడు అతనికి వారపు సెలవు. పొద్దున్నే పని మొదలుపెట్టాడు. మంచం, ట్రంకుపెట్టె, గిన్నెలు, దేవుడి పటాలు, అన్నీ బయటికి మోసి మా వసారాలో పేర్చాడు. పిల్లల్ని మా అమ్మ దగ్గర కూర్చోబెట్టాడు. డ్యూటీ టోపీ, బాయిలో పెట్టుకునే ఆ గట్టి నల్ల టోపీ, నెత్తిన పెట్టుకుని మోకు తెచ్చాడు. నెత్తిన చెక్క కదలదు కనుక గుంజ మొదలుకే మోకు కట్టి, కొస గడప బయటికి తెచ్చి, నన్నూ నర్సింగాన్నీ పట్టుకోమన్నాడు. బాయిలో చేసినట్టే ముందు గట్టిగా కేకేశాడు.

"దూరం. అందరు దూరం."

అక్కడ ఉన్నది మేమే, మేము దూరంగానే ఉన్నాం. అయినా ఇంకో అడుగు వెనక్కి వేశాను. ముగ్గురం బలంగా లాగాం. మొదటి గుంజ మొదలు జారి, ధన్‌మని బండల మీద పడింది. స్లాబు లోపలి నుంచి ఒక మూలుగు వినిపించింది. గట్టయ్య కళ్లు మూసుకున్నాడు. ఏమీ పడలేదు. రెండోది, మూడోది లాగాం. గదిలో దుమ్ము లేచి సర్దుకుంది. ఆ గది అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"ఎవ్వరు లోపలికి పోవద్దు," అన్నాడు గట్టయ్య. "బండ తీరుబడిగ పడ్తది. జర్ర ఆగాలె."

ఆగాం. ముసురు పడుతూనే ఉంది. నర్సింగం నిచ్చెన వేసుకుని, స్లాబు మీదికి ఎక్కకుండా గోడ వారనే నిలబడి తొంగిచూశాడు. పొద్దున రూపాయి బిళ్ల నిలువుగా పట్టిన పర్రెలో ఇప్పుడు మేకు కొన కూడా పట్టడం లేదన్నాడు.

"బావా, పర్రె దగ్గరికచ్చింది."

"దగ్గరికచ్చిందా, దిగిందా?" అన్నాడు గట్టయ్య.

"ఏమో బావా. నాకు రెండు ఒక్కతీర్గనే కొడుతున్నయి."

సారవ్వ అరుగు మీంచి లేచింది. ఎవరినీ అడగలేదు. చీపురూ బిందె నీళ్లూ తీసుకుని గడప దాటి లోపలికి పోయింది. గట్టయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సారవ్వా, బయటికి రా. నా మాట ఇను, బయటికి రా."

ఆమె గది నడుమ నీళ్లు కుమ్మరించింది. నీళ్లు నాలుగు గోడల వైపూ పరుగెత్తాయి. ఊడ్చింది, పడిన గుంజలను ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెచ్చి గడప బయటికి తోసింది, గిన్నెలు ఒక్కతే లోపలికి మోసుకుంది. మేము ముగ్గురు మగవాళ్లం బయట నిలబడి చూశాం. గట్టయ్య రెండుసార్లు గడప మీద కాలు పెట్టి తీశాడు. లోపలికి పోయి ఆమెను ఈడ్చుకురావాలని అతని చేతులు లాగుతున్నాయి. గుంజ లేని కప్పు కిందికి పోకూడదని కాళ్లు చెప్తున్నాయి. ఏళ్ల తరబడి ఆ కాళ్లే అతన్ని బతికించాయి.

వంటింట్లోంచి పొయ్యి పొగ వచ్చింది. కాసేపటికి సారవ్వ అన్నం తెచ్చి, గది నడిమధ్యన, మొదటి గుంజ నిలబడ్డ చోట, రెండు కంచాలు పెట్టింది. ఒక కంచం ముందు తను కూర్చుంది.

"రా," అంది.

గట్టయ్య వెళ్లాడు. టోపీ తియ్యలేదు. కప్పు వైపే చూస్తూ, గోడ పట్టుకుని నడిచి, నడుమకు వచ్చేసరికి పట్టుకోవడానికి ఏమీ లేక ఒక్క క్షణం గాలిలో చెయ్యి చాచాడు. కూర్చున్నాడు. అన్నం కలిపాడు కానీ ముద్ద నోటిదాకా రాలేదు. పర్రెలో మిగిలిన తడి ఒక చుక్కగా కూడి, సరిగ్గా అతని టోపీ మీద టప్‌మని పడింది. అతను ఎగిరి లేవబోయాడు. సారవ్వ భుజం పట్టి కూర్చోబెట్టింది.

రెండో చేత్తో ఆమె టోపీ తీసేసింది. కప్పు కింద ఉండగా ఆ టోపీని ఎవరూ అతని తల మీంచి తీసి ఉండరు. చెదిరిన జుట్టుతో, చెమటతో, అతను హఠాత్తుగా చాలా ముసలివాడిలా కనిపించాడు. ఇంకో చుక్క అతని నెత్తిన పడింది. తుడుచుకోలేదు. ఎదురుగా అదే కప్పు కింద తింటున్న భార్యను చూశాడు. స్లాబును చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. ఏమీ అర్థం కాని మొహంతోనే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గడప బయట నాకు ఏడుపొచ్చింది. నర్సింగం వానను చూస్తున్నట్టు అటు తిరిగాడు.

"కూర ఇంకింత ఎయ్యి," అంటున్నాడు లోపల గట్టయ్య.